వారి పేర్లు మనకు తెలుసా?



సౌలు రాజు గిల్బోవ పర్వతం మీద యుద్ధంలో కూలినప్పుడు ఫిలిష్తీయులు ఆయన శరీరాన్ని, ఆయన కుమారుల శరీరాలను బేత్షాను పట్టణపు గోడకు తగిలించారు. ఆ సంగతి యొర్దాను అవతలనున్న యాబేష్గిలాదు వారి చెవిని పడింది. వారిలో బలవంతులు లేచి, రాత్రంతా నడిచివెళ్ళి, ఆ శరీరాలను దించి తమ ఊరికి తెచ్చుకొన్నారు. దహనం చేసి, ఎముకలను ఒక చెట్టు క్రింద పాతిపెట్టి, ఏడు దినాలు ఉపవాసమున్నారు (1 సమూ. 31:11-13). వారిని ఎవరూ పంపలేదు. రాజే పోయాడు గనుక ఆజ్ఞ ఇచ్చేవాడు కూడా లేడు. ఒకప్పుడు అమ్మోనీయుడైన నాహాషు తమ మీదికి వచ్చిన రోజున సౌలు వచ్చి విడిపించాడన్న కృతజ్ఞత ఒక్కటే వారిని నడిపించింది. ఈ పని గురించి విన్న దావీదు ప్రత్యేకంగా మనుషులను పంపి వారిని దీవించాడు (2 సమూ. 2:5).

మా సంఘంలో బుధవారం బైబిలు తరగతిలో ఈ భాగాన్ని ధ్యానిస్తున్నాము. వెనుక వరుసలో కూర్చొనే ఒక పెద్దాయన లేచారు. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైన తరువాత నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర చాలా ఏళ్ళు సెక్యూరిటీ ఉద్యోగం చేసిన మనిషి. "అయ్యగారూ, మన ఉప్పల్‌ల, నాచారంల మిలిటరీకి పోయి తిరిగిరాని పిల్లలు ఎంతమందో, వాళ్ళ పేర్లేమిటో మనకు ఎరుకేనా?" అని అడిగారు. తరగతిలో ఉన్నవారంతా ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. జవాబు ఎవరి దగ్గరా లేదు. మా పని ఆ రాత్రి మొదలైంది.

పల్లెటూళ్ళోనైతే ఈ ప్రశ్న పుట్టదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మనుషులు వెళ్ళారు. తరతరాలుగా సైన్యానికి పిల్లలను పంపుతూ ఉండడం వలన జనం దానిని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊళ్ళో ఏ ఇంటి బిడ్డ ఎక్కడ పోయాడో అరుగు మీద కూర్చొన్న ముసలివారిని అడిగితే చాలు.

మన ప్రాంతం అలాంటిది కాదు. ఉప్పల్ ఒకప్పుడు వరంగల్ దారిలో ఉన్న ఒక ఊరు. ఫ్యాక్టరీలు, వాటి వెంట కాలనీలు వచ్చాయి. 2007లో ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. 2017లో మెట్రో రైలు వచ్చింది. నల్లగొండ, వరంగల్, శ్రీకాకుళం, ఒడిశా, కేరళ, ఎక్కడెక్కడినుండో వచ్చినవారు నాచారంలో, మల్లాపూర్‌లో, హెచ్.ఎం.టి. నగర్‌లో, రామంతాపూర్‌లో ఒకే గోడకు అటూ ఇటూ కాపురముంటున్నారు. అద్దె పెరిగితే ఇల్లు మారుతారు. పక్క పోర్షన్‌లో ఉన్న తల్లి గోడకు వ్రేలాడుతున్న యూనిఫాం ఫోటో ఎవరిదో అడిగే తీరిక ఎవరికీ లేదు. దుఃఖం కూడా ఇల్లు మారుతుంది, కానీ కొత్త వీధిలో దానిని ఎరిగినవారు ఉండరు.

దేశం తన వంతు చేయడం లేదని మేము అనడం లేదు. ఢిల్లీలో 1931లో ప్రారంభించిన ఇండియా గేటు మీద 13,000కు పైగా పేర్లున్నాయి. స్వాతంత్ర్యం తరువాత ప్రాణాలిచ్చినవారి కోసం 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకాన్ని ప్రారంభించారు. అక్కడి గ్రానైటు పలకల మీద 25,000కు పైగా పేర్లు చెక్కారు. మనకు దగ్గరలో సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక స్మారకం ఉంది. 1999లో కార్గిల్ యుద్ధంలో జూన్ 28న ప్రాణమిచ్చి మహావీర చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాదు బిడ్డే. ఆయన మరణించేనాటికి కుమార్తె ఇంకా పుట్టలేదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది మన సైనికులు మరణించారు. వారిని నడిపించిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవారు. ఏడాది తిరిగేసరికి ఆ పట్టణంలో ఆయన విగ్రహం నిలిచింది. 2025 మే నెలలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో మరణించినప్పుడు రెండు రాష్ట్రాలూ కన్నీరు పెట్టాయి.

అయితే విగ్రహం ఉన్నవారు కొందరే. లేనివారి సంగతేమిటి? పేరు లేకుండా పోవడం ఎంత పెద్ద లోటో చరిత్ర చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుండి సుమారు 13 లక్షల మంది వెళ్ళారు. 74,000కు పైగా తిరిగిరాలేదు. చనిపోయినవారిని హోదా, జాతి, మతం చూడకుండా సమానంగా స్మరించాలని 1917లో ఒక కమిషన్ ఏర్పడింది. ఇప్పుడు దానిని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అంటారు. నియమం మంచిదే. కానీ ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను మాత్రం రెజిమెంటు వారీగా ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. ఆఫ్రికాలో, మధ్యప్రాచ్యంలో లక్షకు పైగా మనుషులకు పేరుతో గానీ, అసలే గానీ స్మారకం దక్కలేదని 2021లో ఆ కమిషనే విచారణ చేయించి ఒప్పుకొని, క్షమాపణ చెప్పింది. వారిలో భారతీయులూ ఉన్నారు. మన ప్రభువు మందలోని గొర్రెలను పేరు పెట్టి పిలిచే కాపరి (యోహాను 10:3). ఆయన లెక్కలో ఎవరూ అంకె కారు. ఆయన సంఘం కూడా మనుషులను అంకెలుగా చూడకూడదు.

మేము ఒక పొడుగు నోట్‌బుక్ కొన్నాము. యౌవనుల సహవాసం నుండి కొందరు, స్త్రీల సమాజం నుండి కొందరు, హవల్దారుగారు, కాలనీ సంక్షేమ సంఘం పెద్దలు ఇద్దరు ముందుకు వచ్చారు. ఆ పెద్దలలో ఒకరు హిందువు, ఒకరు ముస్లిం. ఈ పని క్రైస్తవ సైనికుల కోసమే కాదని మొదటి రోజే అనుకొన్నాము. ఆదివారం ఆరాధన ముగిశాక ఇద్దరిద్దరుగా ఒక్కొక్క గల్లీకి వెళ్ళేవారు. కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, పాలబూత్ దగ్గర అడిగితే తెలిసినంత సమాచారం ఏ ఆఫీసులోనూ దొరకలేదు. దొరికిన పేరును జాతీయ యుద్ధ స్మారకం వెబ్‌సైటులో వెతికాము. అక్కడ లేకపోతే కుటుంబం దగ్గరున్న కాగితాలు చూశాము, సైనిక సంక్షేమ కార్యాలయంలో విచారించాము. మూడు నియమాలు పెట్టుకొన్నాము. ఇంటివారు ఒప్పుకోనిదే పేరు రాయకూడదు. విన్నది సరిచూడనిదే రాయకూడదు. ఫోటోలు తీసి ఎవరికీ పంపకూడదు. రెండు ఇళ్ళవారు వద్దన్నారు. ఆ గాయాన్ని మళ్ళీ కదపవద్దని వారి మనవి. నమస్కారం చెప్పి, వారి పేర్లు రాయకుండా, వారి కోసం ప్రార్థన మాత్రం చేస్తున్నాము.

పేర్లు పోగవుతున్న కొద్దీ ప్రశ్నలు కూడా పోగయ్యాయి. మొదటిది, స్థానికుడు ఎవరు? శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, అక్కడి నుండే సైన్యంలో చేరి మరణించిన ఒక యువకుని తల్లి ఇప్పుడు నాచారంలో చిన్న కుమారుని దగ్గర ఉంటున్నది. ఆ పిల్లవాడు ఉప్పల్ ఏనాడూ చూడలేదు. అతనిని మన జాబితాలో రాయవచ్చా? దీనికి మాకు జవాబు దావీదు జాబితాలో దొరికింది. 2 సమూయేలు 23వ అధ్యాయంలో దావీదు పరాక్రమశాలుల పేర్లు ఒక్కొక్కటిగా ఉన్నాయి. ఆ వరుసలో చివరి పేరు హిత్తీయుడైన ఊరియా. అన్యదేశపు మూలాలున్నవాడు. అంతేకాదు, దావీదు చేసిన పాపానికి బలియైనవాడు. రాజుకు ఎంత సిగ్గు కలిగించే పేరైనా ఆ పేరును పరిశుద్ధాత్మ తుడిచివేయనియ్యలేదు. తల్లి ఎక్కడ ఏడుస్తున్నదో కొడుకు ఆ ఊరివాడే అని మేము తీర్మానించుకొన్నాము.

రెండవ ప్రశ్న మరింత కష్టమైనది. ఎలా చనిపోయినవాడిని రాయాలి? సైన్యం లెక్కల్లో యుద్ధంలో మరణించినవారు వేరు, ఇతర కారణాలతో మరణించినవారు వేరు. పెన్షన్ కూడా వేరు. యుద్ధంలో మరణిస్తే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, డ్యూటీ కారణంగా ప్రమాదంలోనో జబ్బుతోనో మరణిస్తే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, డ్యూటీతో సంబంధం లేకపోతే ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్. ప్రభుత్వానికి ఆ లెక్కలు అవసరమే. కానీ 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు చరియ మీద పడి పదిమంది సైనికులు మరణించారు. కర్నూలు జిల్లాకు చెందిన జవాను ముస్తాక్ అహ్మద్ వారిలో ఒకరు. ఆయనను చంపినది శత్రువు తుపాకీ కాదు, మంచు. అంతమాత్రాన ఆ కుటుంబపు దుఃఖం తక్కువదా? మా ప్రాంతంలో కొండ దారిలో లారీ బోల్తాపడి మరణించిన ఒక డ్రైవరు జవాను భార్య ఉన్నది. "మా ఆయన యుద్ధంల పోలేదయ్యా, మీ లెక్కలోకి రాడేమో" అని ఆమె ముందే తలవంచుకొని చెప్పింది. ఆయన పేరూ రాశాము.

ఆ తరువాత ఒక తల్లి వచ్చింది. సాయంకాలం, చీకటి పడ్డాక, ఎవరూ లేని సమయం చూసుకొని వచ్చింది. కొడుకు క్యాంపులో తన ప్రాణం తానే తీసుకొన్నాడు. ఊరిలో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. "అయ్యగారూ, మా పిలగాని పేరు గూడ రాస్తరా? రాయకున్నా నేనేమనుకోను" అన్నది. మేము ఆ రాత్రి ఆమెతో కలిసి ప్రార్థన చేసి పంపాము. మరుసటి ఆదివారం విషయాన్ని, పేరు చెప్పకుండా, పని చేస్తున్నవారి ముందు పెట్టాము. కొందరు వద్దన్నారు. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే మిగతా కుటుంబాలకు అగౌరవమని వారి భయం. అప్పటిదాకా మౌనంగా ఉన్న హవల్దారుగారు, "మంచులో నెలల తరబడి ఒంటరిగా కాపలా కాస్తే మనసు ఏమైతదో నాకు ఎరుక. ఆ పిలగాడు గూడ మన డ్యూటీలనే పోయిండు" అన్నారు. ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు.

ప్రియులారా, కర్మెలు పర్వతం మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయాయే ఆ తరువాత ఎడారిలో బదరీవృక్షం క్రింద కూర్చొని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు (1 రాజులు 19:4). దేవుడు అతనిని గద్దించలేదు. దూతను పంపి రొట్టె, నీళ్ళు ఇచ్చి, నిద్రపోనిచ్చాడు. దేవుడు తీర్పు తీర్చకముందే అన్నం పెట్టిన మనిషి మీద మనం తీర్పు తీర్చగలమా? ఆ తల్లి సమ్మతితో ఆ పేరు కూడా నోట్‌బుక్‌లో చేరింది. పేర్ల ప్రక్కన మరణ కారణం అనే గడి అసలు వద్దని అప్పుడే కొట్టివేశాము. మన మధ్య ఎవరి ఇంటనైనా బ్రదుకు మీద విరక్తి చెందిన బిడ్డ ఉంటే, సిగ్గుపడి దాచవద్దు. కాపరికి చెప్పండి, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి, ఒంటరిగా వదలవద్దు.

సంఘంలో అభ్యంతరాలు రాకపోలేదు. అవి భక్తిలో నుండి వచ్చినవే గనుక వాటికి మర్యాదగా జవాబివ్వడం కాపరి బాధ్యత. "చనిపోయినవారి పేర్లు చదవడం మృతుల ఆరాధన కాదా?" అని ఒక సహోదరి అడిగింది. కాదు. మేము వారికి ప్రార్థించడం లేదు, వారి కోసం దీపం పెట్టడం లేదు. వారిని ఇచ్చిన దేవునికి కృతజ్ఞత చెల్లించి, వారు విడిచివెళ్ళినవారి కోసం ప్రార్థిస్తున్నాము. యొర్దానులో నుండి తీసిన పన్నెండు రాళ్ళను గిల్గాలులో నిలబెట్టించినవాడు దేవుడే. పిల్లలు అడిగినప్పుడు తండ్రులు చెప్పడానికే ఆ రాళ్ళు (యెహోషువ 4:20-22). "వారిని హతసాక్షులు అనవచ్చా?" అని ఒక యువకుడు అడిగాడు. ఆ మాట విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన స్తెఫను వంటివారిదని చెప్పాము. మన సైన్యం కూడా అధికార పత్రాలలో షహీద్, మార్టిర్ అనే మాటలు వాడదని ప్రభుత్వం 2017లో కేంద్ర సమాచార కమిషన్‌కు తెలియజేసింది. సైనికుని మరణం పాపాన్ని తీసివేయదు. ఆ పని చేసిన మరణం ఒక్కటే, అది కల్వరి మీద జరిగింది. అయినా ఇతరుల కోసం కాపలా కాస్తూ పోయిన మనిషికి గౌరవం చెల్లించడానికి ఆ సత్యం అడ్డు రాదు.

"యుద్ధాన్ని పొగిడినట్లు కాదా?" అన్నది మూడవ మాట. ఈ మాట మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది. ప్రభువు కపెర్నహూము శతాధిపతి విశ్వాసాన్ని మెచ్చుకొన్నాడు గానీ యుద్ధాన్ని మెచ్చుకోలేదు. మేము తిరిగిన ఇళ్ళలో యుద్ధం కావాలని కోరిన తల్లిని ఒక్కరినీ చూడలేదు. యుద్ధం ఖరీదు ఎంతో వారికి తెలిసినట్లు టీవీ ముందు కూర్చొని కేకలు వేసేవారికి తెలియదు. పేర్లు చదివితే యుద్ధం మీద మోజు పెరగదు, తగ్గుతుంది. అందుకే కత్తులు నాగటి నక్కులుగా మారే దినం గురించి చెప్పిన యెషయా 2వ అధ్యాయాన్ని ఆ రోజు పాఠంగా ఎంచుకొన్నాము.

రోజు నిర్ణయించడం తేలికయింది. 1949 నుండి డిసెంబరు 7ను మన దేశంలో సాయుధ దళాల పతాక దినంగా పాటిస్తున్నారు. ఆగమన కాలం కూడా అప్పుడే. సమాధానకర్త రాక కోసం కనిపెట్టే ఆ దినాల్లో గత సంవత్సరం ఒక ఆదివారాన్ని దీనికి ప్రత్యేకించాము. ముందురోజు శనివారం సాయంత్రం కాలనీ కమ్యూనిటీ హాలులో అందరి సభ జరిగింది. అక్కడ ఎవరి ఆచారం చొప్పున వారు పూలు పెట్టారు, దీపం వెలిగించారు. మా వంతుగా పేర్లు చదివి, రెండు నిమిషాలు మౌనం పాటించమని కోరాము. సిపాయి, సుబేదారు అనే హోదాలు తీసివేసి, అక్షర క్రమంలో చదివాము. పేరు పిలిచినప్పుడు ఆ ఇంటివారు లేచి నిలబడ్డారు. ఒక ముస్లిం తండ్రి, కర్ర ఊతగా, అందరి పేర్లూ అయ్యేదాకా కూర్చోలేదు. చీకటి పడ్డాక వచ్చిన ఆ తల్లి ఆ సాయంత్రం దీపాల వెలుగులో అందరి మధ్య నిలబడింది. పక్కనే ఉన్న లారీ డ్రైవరు జవాను భార్య ఆమె చెయ్యి పట్టుకొన్నది. ఎవరు ఎలా పోయారని ఎవరూ ఎవరినీ అడగలేదు.

సభతో పని అయిపోతే అది పని కాదు. దుఃఖంలో ఉన్న విధవరాండ్రను, దిక్కులేనివారిని పరామర్శించడమే నిష్కళంకమైన భక్తి అని యాకోబు బోధించాడు (యాకోబు 1:27). ఇళ్ళకు తిరిగినప్పుడు మాకు తెలిసిన సంగతి ఒకటుంది. పెన్షన్ తీసుకొనేవారు ఏటా బ్రదికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ఇప్పుడు సైనిక పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తున్నాయి. చదువురాని ముసలి తల్లికి ఆ ఫోను, ఆ ఓ.టి.పి., వేలిముద్ర పడకపోవడం పెద్ద పరీక్ష. మా యౌవనులు ఇద్దరు ఆ పని నేర్చుకొని, నోట్‌బుక్‌లోని ఇళ్ళకు వెళ్ళి చేసి పెడుతున్నారు. ఒకరిని ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి వీధి నుండి ఆటోలో బ్యాంకుకు తీసుకువెళ్ళి తిరిగి దింపుతారు. స్త్రీల సమాజంవారు పండుగలకు మాత్రమే కాక, ఆ బిడ్డ పోయిన తేదీన ఆ ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చొని వస్తారు. అన్నిటికంటె ఆ తేదీని గుర్తుంచుకోవడమే వారికి ఎక్కువ ఓదార్పునిస్తున్నదని చూశాము.

ఈ పనికి డబ్బు పెద్దగా అక్కరలేదు. ఒక నోట్‌బుక్, నడిచే ఓపిక, వినే చెవులు ఉంటే చాలు. మీ సంఘం ఖమ్మంలో ఉన్నా, కాకినాడలో ఉన్నా, మీ వీధిలో అలాంటి ఇల్లు ఒకటైనా ఉంటుంది. తలుపు తట్టండి. ముందుగా ఏమీ బోధించవద్దు. "మీ బిడ్డ పేరేమిటమ్మా?" అని అడగండి, తరువాత వినండి. చాలా ఏళ్ళుగా ఆ పేరు పలకడానికి ఎవరూ దొరకక ఆ తల్లి ఎదురు చూస్తున్నదేమో.

మన దేవుడు తనయందు భయభక్తులు గలవారి కోసం జ్ఞాపకార్థమైన గ్రంథము ఒకటి ఉంచుకొన్నాడని మలాకీ చెప్పాడు (మలాకీ 3:16). ఆయన మరచిపోయేవాడు కాడు గనుక ఆ గ్రంథం ఆయనకు అవసరమై కాదు. మనకు మాదిరిగా ఉంచాడు. మా నోట్‌బుక్‌లో ఇంకా ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి. యుద్ధాలు ఆగి, అవి ఖాళీగానే మిగిలిపోవాలని మా ప్రార్థన. అంతవరకు, మన మధ్య కాపురముంటున్న ఏ తల్లి దుఃఖమూ పేరు లేనిదిగా ఉండకుండా ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.